మందారానికి పైపాటు

బసవేశ్వరరావుగారికి ఇంట్లో ఏ పనీ చేతకాదని హిమబిందు ఏనాడూ అనలేదు. ఆయనకి అన్ని పనులూ చేతనవును. అదే ఆమె బాధ. పేపరు చదువుకుంటూ కూర్చునే మామగారు దొరికితే ఏ కోడలికైనా అదృష్టమే; చదివిన పేపరు మడిచి పెడితే సరిపోతుంది. ఈయన అలాంటివారు కాదు. ఫ్యాను చప్పుడు చేస్తోందంటే నిచ్చెనెక్కి, చప్పుడుతో పాటు ఫ్యానుని కూడా ఆపేసి దిగుతారు. ఆమె స్నానానికి వెళ్ళిన సమయం చూసి కుక్కరు విజిలు ఎందుకు రావడం లేదో ఎత్తి పరీక్షిస్తారు. మోటారు ఆయన వేస్తే ట్యాంకు పొంగి వీధి తడుస్తుంది, ఆమె వేస్తే కరెంటు దండగవుతుంది. ఇన్ని పనులు చేసినా ఆయన ఇంతవరకూ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. తప్పు ఫ్యాను కంపెనీది, కుక్కరు రబ్బరుది, ట్యాంకు కట్టిన మేస్త్రిది. కాపురానికొచ్చిన కొత్తలో హిమబిందు ఇదంతా చూసి చాటుగా నవ్వుకునేది. ఈమధ్య ఆ నవ్వు రావడం కాస్త ఆలస్యమవుతోంది.

భట్టిప్రోలు పొలం కౌలుకిచ్చి తెనాలిలో కొడుకు కట్టుకున్న ఇంటికి వచ్చేశాక, ఆయన వ్యవసాయం మొత్తం వరండా మెట్లకీ కాంపౌండు గోడకీ మధ్యనున్న కాస్త నేల మీద పడింది. అక్కడున్నవి ఒక కరివేపచెట్టు, తులసికోట, గోడవారన ఒక ముద్దమందారం. మందారం హిమబిందుది. బాపట్లలో ఉండే స్నేహితురాలు లిడియా ఇంటి పెరట్లోంచి కొమ్మ కోసుకుని, తడిగోనెలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నిరుటి వరకూ దానికి మాగిన పశువులపెంట ఒక గుప్పెడు, పొయ్యిబూడిద చిటికెడు, అదీ తడినేల మీద, మొదలుకి దూరంగా వేసేది. చెట్టు అంతకే సంతోషించి, అత్తగారు రంగమ్మ అమ్మవారి పటానికి పెట్టుకోగా మిగిలినవి ఇరుగింటికి పంపేటంత పూసింది.

ఈ ఏడు మామగారు దాన్ని చూశారు. ఇంత చెట్టుని ఇలా గాలికి వదిలేశారేమిటని నొచ్చుకున్నారు.

హిమబిందు బాటనీతో డిగ్రీ చేసింది. ఆ సంగతి ఆ ఇంట్లో పెళ్ళిచూపుల రోజున ఒకసారి ప్రస్తావనకి వచ్చింది. మళ్ళీ రాలేదు. బసవేశ్వరరావుగారు చెట్టు చుట్టూ మట్టితో గట్టు వేశారు. దుక్కిలో వెయ్యాల్సింది వెయ్యలేదు కదా అని ముందు దోసెడు డి.ఎ.పి. గుళికలు పోశారు. తరవాత పిలకలు తొడగాలని పిడికెడు యూరియా. కొన్నాళ్ళకి పైపాటు అంటూ ఇంకో పిడికెడు. పైపాటంటే ఎదుగుతున్న పైరు మీద విడతగా చల్లే ఎరువు, వరికది ప్రాణం. మందారానికి ఏమవుతుందని కోడలు తప్ప ఎవరూ అడగలేదు. ఊళ్ళల్లో రైతులు ఒక్క యూరియా బస్తా కోసం ఎండలో వరసన నిలబడుతున్న రోజులవి. కౌలుదారు ఇచ్చిన అరబస్తా మాత్రం వీళ్ళింట్లో మెట్ల కింద దర్జాగా కూర్చుంది. రోజూ పొద్దున్నే గట్టు నిండా నీళ్ళు పెట్టి, ఆయన పంచె ఎగ్గట్టుకుని చూసుకునేవారు. ఆకులు అప్పడాలంత వెడల్పయ్యాయి. రంగు నల్లటి ఆకుపచ్చకి తిరిగింది. దారినపోయేవాళ్ళు ఆగి, ఏం వేస్తున్నారండీ అని అడిగేవారు. ఆయన చెప్పేవారు.

పువ్వులు మాత్రం లేవు. మొగ్గలు తొడిగేవి. సాయంత్రం ఆయన వేలుపెట్టి లెక్కపెట్టుకునేవారు. పొద్దున చూస్తే ఉండేవి కావు.

తెనాలిలో పొద్దున్నే నడిచేవాళ్ళలో సగం మంది చేతుల్లో క్యారీబ్యాగులుంటాయి. పరాయి గోడల మీంచి పూలు కోసుకుంటూ నడిస్తే ఆరోగ్యం, పుణ్యం ఒకేసారి వస్తాయి. ఆయన అనుమానం ముందు వాళ్ళ మీదకే పోయింది. మంగళవారం చీకటితోనే కుర్చీ తెచ్చి గేటుకి అడ్డంగా వేసుకున్నారు. కళ్ళంలో కుప్పలకి కాపలా కాసిన మనిషి. నిద్ర ఆపుకోవడం ఒక లెక్క కాదు. చూపు వీధి మీద, వీపు చెట్టు మీద. క్యారీబ్యాగులు ఒక్కొక్కటే వచ్చాయి, ఆయన్ని చూసి అవతలి గోడవైపు జరిగి వెళ్ళిపోయాయి. తెల్లవారాక పనిమనిషి పున్నమ్మ వచ్చింది. వాకిలి ఊడ్చింది. చెట్టుకింద చెత్త చేటలోకి ఎత్తింది. మున్సిపాలిటీ బండి ఈల వినపడగానే పరిగెత్తి అందులో పోసి వచ్చింది. అప్పుడు ఆయన లేచి, నడుం విరుచుకుని, వెనక్కి తిరిగారు.

మొగ్గలు లేవు.

ఏవే, మొగ్గలేయి అన్నారు. ఏ మొగ్గలండి అంది పున్నమ్మ. చెట్టు మొగ్గలే, ఇంకెవరి మొగ్గలు అన్నారు. రాలినియ్యి ఆకులతో పాటు ఊడ్చేశానండి, రోజూ రాలతానే ఉన్నాయి కదండి అంది.

"ఎరువేసిన చెట్టు మొగ్గ రాలుస్తుందా? నాకు చెప్తున్నావా వ్యవసాయం?"

ఆయనది రెండు గట్ల అవతలున్న కూలీని పిలవడానికి అలవాటుపడిన గొంతు. తెనాలి వచ్చాక దాన్ని వీధికి సరిపడా తగ్గించుకోవాలని ఆయనకి తోచలేదు.

"చీకటినించీ ఇక్కడే కూచున్నా. నా కళ్ళు కప్పి ఈగ రాలేదు లోపలికి. వచ్చింది నువ్వొక్కదానివే. మా మొగ్గలు పొద్దెక్కేసరికి ఎదురింటి మాణిక్యాంబగారి పూజలో పువ్వులవుతున్నాయంటే, కాళ్ళొచ్చి నడిచిపోతున్నాయా అయ్యి?"

పున్నమ్మ ఎదురింట్లో కూడా పనిచేస్తుంది. మాణిక్యాంబగారు ఆ సమయానికి వరండాలోనే ఉన్నారు. తులసికి నీళ్ళు పోస్తున్న చెంబు వంగినది వంగినట్టే ఆగిపోయింది. పక్క మేడ మీద ఎవరో కిటికీ రెక్క తీశారు.

హిమబిందు వంటింట్లో అట్టు వేస్తోంది. ఒక్కో మాటా స్పష్టంగా వినపడుతూనే ఉంది. ఈ వాక్యంతో ఆగుతారులే అనుకుంది. తరవాత వాక్యంతో ఆగుతారులే అనుకుంది. అట్టు అంచు లేచేదాకా ఆగింది, తిరగేసింది, అది మాడిన వాసన వచ్చాక అట్లకాడ పట్టుకునే బయటికి పరిగెత్తింది. అప్పటికి పున్నమ్మ చీపురు గోడకి ఆనించింది. కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. మేకుకి తగిలించిన గుడ్డసంచి తీసి భుజాన వేసుకుని గేటు తీసింది. రోజూ చెప్పే "వస్తానమ్మా" చెప్పలేదు. గేటు మాత్రం చప్పుడు కాకుండా వేసింది.

"మామయ్యా, యూరియా ఎక్కువైతే మొగ్గ నిలవదు" అంది హిమబిందు.

"అమ్మాయ్, నేను పంట తీసిన భూమి మీద నువ్వు నడిచి కూడా ఉండవు" అని ఆయన కాఫీ అడిగారు.

రంగమ్మ మోకాళ్ళు పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసింది. గోడకున్న చీపురు వంక, కోడలి వంక మార్చి మార్చి చూసి, ఇక నీ నడుమెంతో నా నడుమెంతో తేలిపోద్దిలే అంది.

మధ్యాహ్నం హిమబిందు బాపట్లకి ఫోను చేసింది. లిడియా అక్కడ కాలేజీలో బాటనీ చెప్తుంది. వేసిన వాటి పద్దు అంతా చివరిదాకా వింది. తరవాత, మీ మామయ్యకి కావలసింది ఆకుకూరా పువ్వా కనుక్కోవే అంది. నత్రజని అంత పోస్తే చెట్టు ఆకుల మీదే పడుతుందట, డి.ఎ.పి.లో ఉండే భాస్వరం ఎక్కువైతే మందారానికి అసలు గిట్టదట, పైగా తెనాలి నల్లనేలలో గట్టు కట్టి నీళ్ళు నిలబెడితే వేళ్ళకి ఊపిరాడదట. ఇవన్నీ హిమబిందుకి తెలిసినవే. తెలిసినదాన్ని ఇంకొకరి నోట వింటే కాస్త ఊరటగా ఉంటుందని చేసింది. ఊరటేమీ కలగలేదు.

మర్నాడు బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదకి వెళ్ళింది. భర్త రాజీవ్ చొక్కా దులుపుతుండగా ఎదురింటి గేటు చప్పుడైంది. పున్నమ్మ పని ముగించుకుని బయటికి వస్తోంది. గేటు దాటకుండానే ఆగింది. భుజాన ఉన్న సంచి తీసింది. మూతి విప్పి, తలకిందులు చేసి, రెండుసార్లు దులిపింది. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, మడతపెట్టిన తువ్వాలు కింద పడ్డాయి. వరండాలోంచి మాణిక్యాంబగారు తల ఊపారు. పున్నమ్మ వంగి ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది.

మాణిక్యాంబగారు చెడ్డమనిషి కాదు. మాట పడని మనిషి. అంగట్లో కొనుక్కొచ్చే పూలతో చేసే పూజకి దొంగపూల పేరు వచ్చింది. తన ఇంటికి ఏమీ రావడం లేదని, తన ఇంట్లోంచి ఏమీ పోవడం లేదని వీధికి చూపించుకోవాల్సి వచ్చింది. ఆవిడ చూపించుకోవలసిందల్లా పున్నమ్మ చేత చూపించారు.

హిమబిందు తడిచొక్కా భుజాన వేసుకునే కిందికి దిగింది. వీధి మలుపులో కాలవ మీద బండ దగ్గర పున్నమ్మని అందుకుంది. ఆయాసం తగ్గకముందే, మామయ్య అన్నదానికి తను క్షమాపణ చెప్తున్నానంది.

"మీరెందుకమ్మా? మీరేం అన్లేదుగా" అంది పున్నమ్మ. కాసేపు ఆగింది. "అన్లేదు. వంటింట్లోనే ఉన్నారు కూడాను. అట్టు మాడిన వాసన నాకూ వచ్చింది."

హిమబిందు భుజం మీది చొక్కాలోంచి నీళ్ళు కారి వీపంతా తడిసింది. ఆ చల్లదనానికి కదలాలని కూడా ఆమెకి అనిపించలేదు. చివరికి, నాది కూడా తప్పే, రేపట్నించి రా పున్నమ్మా అంది.

రానంది పున్నమ్మ. కోపంగా అనలేదు, బేరం ఆడుతున్నట్టూ అనలేదు. మాణిక్యాంబగారు నెలాఖరుదాకా చూస్తానన్నారట. ఈలోగా ఈ మాట సమసిపోకపోతే వేరే మనిషిని చూసుకుంటారట. రెండిళ్ళలో మాన్పించిన మనిషిని మూడో ఇల్లు ఎందుకు మాన్పించారని అడుగుతుంది. ఏమని చెప్పుకోవాలి?

"ఆ మాట పెద్దయ్యగారి నోట్లోంచి వచ్చిందమ్మా. ఆ నోటితోనే పోవాల. వీధిలో అన్నారు, వీధిలోనే అనాల. ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగా."

బసవేశ్వరరావుగారి నోట తప్పన్న మాట రప్పించడమంటే మందారం చేత వరి కాయించడమే అనుకుంటూ హిమబిందు ఇంటికొచ్చింది. గిన్నెలన్నీ సింకులో అలాగే ఉన్నాయి. వాకిలి ఊడవలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, పనిమనిషి లేకపోతే ఇల్లు ఎంత పాడవుతుందో చెప్తున్నారు. గిన్నెలు తోముతున్నంతసేపూ ఆమె కోపంతో పళ్ళు నూరుకుంది. ఆఖరి గిన్నె బోర్లించేసరికి కోపం పోలేదు గానీ ఒక ఆలోచన వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కాఫీగ్లాసు పక్కన చీపురు పెట్టింది.

డాక్టరు నడవమన్నాడు, నడుము వంచమన్నాడు, మీరు రెండూ చెయ్యడం లేదు కదా అంది. ఆయన చీపురు వంక అదేదో పాము అన్నట్టు చూశారు. అప్పుడు హిమబిందు గొంతు తగ్గించి, అయినా వాకిలి పద్ధతిగా ఊడవడం ఈ వీధిలో ఎవరికీ వచ్చినట్టు లేదు మామయ్యా అంది. ఇంకొకరికి రాని పని కనపడితే ఆయన ఆగలేరు. కాఫీ ముగించి చీపురు అందుకున్నారు. కళ్ళం ఊడ్చినట్టు ఒక మూలనించి మొదలుపెట్టి, వరసలు వరసలుగా, గీతలు పడేలా ఊడ్చుకుంటూ చెట్టుకిందికి వచ్చారు.

వంటింటి కిటికీలోంచి ఆమెకి ఆయన వీపు కనపడుతోంది. చీపురు ఆగింది. ఆయన వంగారు. నేల మీంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. వేలితో దొర్లించి చూశారు. మొగ్గ. ఎవరూ తుంచినట్టు లేదు. తొడిమ కణుపు దగ్గర పసుపుపచ్చగా మారి దానంతటది విడిపోయింది. ఇంకొకటి తీశారు. అదీ అంతే. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, రెండూ పంచెమడతలో దోపుకున్నారు.

ఏంటి మామయ్యా, ఏదైనా పోయిందా అంది హిమబిందు కిటికీలోంచి. ఏం లేదు, ఉడతలు అన్నారాయన.

ఆ తరవాత రోజు ఉడతల బదులు గాలి వచ్చింది. ఆ తరవాతి రోజుకి పంచెమడత చాలలేదు. ఆయన మొగ్గలన్నీ చేటలో పోసి వరండాలోకి తెచ్చి పెట్టారు. హిమబిందు టిఫిన్ పళ్ళెం అందిస్తూ, మెత్తగా, పున్నమ్మ రావడం మానేసింది కదా మామయ్యా, మరి వీటినెవరు కోస్తున్నట్టు అని అడిగింది.

"అప్పుడు కోసినవి వేరు, ఇప్పుడు రాలేవి వేరు" అన్నారాయన.

ఆమె పచ్చడి వెయ్యడం కూడా మర్చిపోయి లోపలికి వచ్చేసింది. వంటింట్లో నిలబడి, గోడ వైపు తిరిగి, డిగ్రీలో నేర్చుకున్న ఏ భాషలోనూ లేని శబ్దం ఒకటి చేసింది. రంగమ్మ పడకకుర్చీలోంచి, అట్టా పళ్ళు కొరకమాకే, నాకు అట్టాగే ఊడినయ్యి అంది.

ఇంతలో ఆయన నిర్ణయానికి వచ్చేశారు. రాలిపోతున్నాయంటే చెట్టుకి బలం చాలడం లేదు. యూరియా ఒక్కటీ సరిపోదు. రేపల్లెలో అన్న కొడుకు మధుబాబుకి ఎరువుల కొట్టుంది. పూత నిలబెట్టే మందేదో వాడి దగ్గరికి వచ్చిందట. వెళ్ళి తెచ్చి గట్టిగా ఇంకో పైపాటు వేస్తే దారికొస్తుంది. హిమబిందు నేనూ వస్తానంది. నీకేం పనే రేపల్లెలో అంది రంగమ్మ. చూడ్డానికి అత్తయ్యా అంది హిమబిందు. అక్కడ చూడ్డానికేముందని ఆవిడ అడగలేదు. కోడలి ముఖం చూసి, చూసొచ్చాక నాక్కూడా చెప్పు అంది.

రేపల్లె రైల్లో ఆయనకి కిటికీ పక్కన చోటు దొరికింది. వేమూరు దాటాక రెండు పక్కలా వరి చేలు పరుచుకున్నాయి. పొలాలు కనపడితే ఆయన మనిషే మారిపోతారు. ఇది ముదురు నారు వేశాడు, అది కలుపు తియ్యలేదు, వీడికి నీళ్ళు ఎక్కువయ్యాయి అంటూ దారిపొడుగునా ఇంకొకరి వ్యవసాయాన్ని దిద్దుతూ వచ్చారు. ఎదురుగా కూర్చున్న ముసలాయన వింటూ తల ఊపుతున్నాడు. ఒకచోట మాత్రం పైరు చుట్టుపక్కల చేలకంటే నల్లగా, దట్టంగా, చూడముచ్చటగా ఉంది. ఎంత బాగుందో అంది హిమబిందు.

"బాగుందా? నీ మొహం" అన్నారాయన నవ్వుతూ. "యూరియా దట్టించాడు ఎదవ. చూసేదానికే ఆ నలుపు. ఆకంతా మేతకి పనికొస్తుంది. గింజ పట్టదు, పట్టినా నిలవదు. ఎంత తిండి పెడితే అంత పంటనుకుంటారు తెలివితక్కువోళ్ళు."

హిమబిందు నోటిదాకా వచ్చిన మాటని అలాగే పళ్ళ మధ్య పట్టుకుంది. ఎదుటి ముసలాయన, బాగా చెప్పారండి అన్నాడు. అవునండి, చాలా బాగా చెప్పారు అంది ఆమె కూడా. బసవేశ్వరరావుగారు ఆ నల్లటి చేను వెనక్కి పోయేదాకా చూస్తూనే ఉన్నారు. తరవాత వచ్చిన చేల మీద ఆయన ఏమీ అనలేదు.

మధుబాబు కొట్టులో బస్తాల ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. బాబాయ్‌ని చూసి లేచి, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. పూత రాలుతోందిరా అని ఆయన చెప్పగానే, ఎన్ని సెంట్లు బాబాయ్ అన్నాడు. సెంట్లేంట్రా, చెట్టు అన్నారాయన. ఎన్ని చెట్లు అన్నాడు మధుబాబు. చెట్టు అన్నానుగా అన్నారు. ఇప్పటిదాకా ఏమేశావని మధుబాబు అడిగితే ఆయన మొదటినించీ చెప్పుకొచ్చారు, గట్టు, డి.ఎ.పి., పిడికెళ్ళు, పైపాట్లు, రోజూ నిలబెట్టిన నీళ్ళు. చెప్పేకొద్దీ ఆయన గొంతు మాత్రం ఎందుకో ఎప్పటికంటే తగ్గుతూ వచ్చింది.

మధుబాబు టీగ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"బాబాయ్, అదింకా బతికే ఉందా?"

కొట్లో ఇద్దరు రైతులు నవ్వారు. మధుబాబు వాళ్ళని కసిరి, ఏమీ అమ్మనని చెప్పేశాడు. ఏ మందూ వద్దట. ముందు గట్టు తీసేయాలట. చెట్టు మొదట్లో మట్టి గుల్ల చేసి, మంచినీళ్ళు నెమ్మదిగా పోసి ఆ ఎరువు ఉప్పంతా కిందికి దిగేలా కడగాలట. మళ్ళీ మట్టి పైపైన ఆరేదాకా చుక్క పొయ్యకూడదట. కొత్త చిగురు మామూలు రంగుకి వచ్చాక, మాగిన పెంట గుప్పెడు, పొటాష్ చిటికెడు, కొమ్మల చివర్లు ఎక్కడిదాకా నీడ ఇస్తాయో అక్కడ, తడి మట్టిలో కలిపితే చాలట. కొద్దికొద్దిగా వెయ్యాలట. మన చేలోనే ఇట్టా పోస్తే నువ్వు ఊరుకుంటావా బాబాయ్ అన్నాడు చివరికి.

"మీ నాన్నకి ఎరువు చల్లడం నేర్పింది నేనే" అన్నారాయన లేస్తూ.

తిరుగు రైల్లో ఆయన కిటికీ దగ్గర కూర్చోలేదు. భట్టిప్రోలు వచ్చింది, పోయింది. హిమబిందు ఎదురుచూసింది. ఇప్పుడంటారు, ఈ స్టేషను దాటాక అంటారు అనుకుంది. వేమూరులో రైలు కాసేపు ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఆమె ముందుకు వంగింది.

"వాడు టీలో పంచదార వెయ్యించలేదు" అన్నారు.

ఆమె వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

సాయంత్రం మాత్రం ఆయన ఎవరికీ చెప్పకుండా పార తీసుకుని గట్టు కొట్టేశారు. నిలిచిన నీళ్ళు కాలవలోకి పోయాయి. ఎందుకు తీశారని రంగమ్మ అడిగితే, పాతబడింది అన్నారు. మెట్ల కింద మిగిలిన యూరియా బస్తా మూతి కట్టి కౌలుదారుకి పంపెయ్యమన్నారు. హిమబిందు చెట్టు మొదట్లో మట్టిని చిన్న గునపంతో గుల్ల చేసి, చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ, ఇంకేదాకా ఆగుతూ, మళ్ళీ పోస్తూ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. ఆయన వరండాలో నిలబడి చూశారు. అటు పక్క కూడా పొయ్యి అన్నారు. అంతే. రంగమ్మ కోడలి చేతికి తువ్వాలందిస్తూ, ఇన్నేళ్ళ కాపురంలో చూశాను, ఆయన కట్టిన గట్టు తీస్తాడే గానీ అన్న మాట తియ్యడు అంది.

మర్నాడు పున్నమ్మ ఎప్పట్లాగే ఎదురింటికి పనికొచ్చింది. బసవేశ్వరరావుగారు వాకిలి ఊడ్చుకుంటూ గేటు దాటి వీధిలోకి వచ్చారు. అక్కడ ఆయన ఇంతవరకూ ఊడవలేదు. ఎదురింటి గేటు తెరుచుకుంది.

పున్నమ్మ బయటికి రాబోతూ ఆగింది. ఈసారి వరండాలో ఎవరూ లేరు. ఎవరూ చూపించమనలేదు కూడా. అయినా భుజానికున్న సంచి తీసి, మూతి విప్పి, తలకిందులు చేసి దులిపింది. అలవాటైన పని చేసినట్టు, ముఖంలో ఏమీ లేకుండా చేసింది. టిఫిన్ డబ్బా సిమెంటు మీద పడి మూత ఊడింది. ఆ మూత అంచు మీద దొర్లుకుంటూ వీధి దాటి, వంకరగా తిరిగి, ఆయన చీపురుకి తగిలి పడిపోయింది.

కిటికీలోంచి చూస్తున్న హిమబిందు స్టవ్ ఆపేసింది. బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడింది.

ఆయన మూత వంక చూస్తున్నారు. తరవాత పున్నమ్మ చేతిలో వేలాడుతున్న సంచి వంక చూశారు. ఎన్నాళ్ళ నుంచి ఇట్టా అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. మీరన్న మర్నాటి నుంచీ అంది హిమబిందు. ఆయన వంగి మూత తీశారు. పంచెకొంగుతో దుమ్ము తుడిచారు. ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో మూతతో వీధి దాటారు.

ఎదురింటి గేటు దగ్గర ఆయన ఏదో అన్నారు. హిమబిందుకి వినపడింది. పున్నమ్మ మాత్రం, వినపళ్ళేదండి అంది.

"మొగ్గలు నువ్వు కొయ్యలేదు" అన్నారాయన ఇంకొంచెం పైకి.

"అది నాకు తెలుసండి."

ఆ మాట ఎవరికి తెలియాలో ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వీధి అటూ ఇటూ చూశారు. క్యారీబ్యాగులతో వస్తున్న ఇద్దరు నడక నెమ్మది చేశారు. పాలబండి అబ్బాయి క్యాను మూత తెరిచి పట్టుకునే ఆగాడు. లోపల్నించి మాణిక్యాంబగారు, ఏంటి అన్నయ్యగారూ అంటూ కొంగు సర్దుకుని వచ్చారు. బసవేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. రెండు గట్ల అవతలికి వినపడే ఆ గొంతు మళ్ళీ వీధిలోకి వచ్చింది.

"పున్నమ్మ మా మొగ్గలు కొయ్యలేదు. ఎరువెక్కువై రాలిపోయినయ్యి. ఎరువేసింది నేను. పొరపాటైంది."

పక్క మేడ మీద కిటికీ రెక్క తెరుచుకుంది. మాణిక్యాంబగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పున్నమ్మ వైపు చూసి, తల దించుకున్నారు. హిమబిందు గేటు ఊచ పట్టుకుని, ఇంత వచ్చింది చాలు దేవుడా అనుకుంది.

పున్నమ్మకి చాలలేదు. ఆయన చేతిలోంచి మూత తీసుకుంది. డబ్బాకి పెట్టి, చుట్టూతా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చింది.

"కూరలో ఉప్పెక్కువైతే పొరపాటంటారు పెద్దయ్యగారూ. దొంగన్న దాన్ని ఏమంటారు?"

ఆయన చీపురు కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నారు. వీధి చూస్తోంది. ఈసారి గొంతు పెంచలేదు. పెంచకపోయినా, అంత నిశ్శబ్దంలో, మేడ మీది కిటికీదాకా వినపడింది.

"తప్పు" అన్నారు. "నాదే తప్పు, పున్నమ్మా."